మూడు కొట్టాల మాట

అనగనగా ఒక అడవిలో ఏటేటా గుర్రప్పందేలు జరిగేవి. అడవిలో పందేలేమిటని ముక్కు మీద వేలేసుకోకండి పిల్లలూ. వేలు తీసి చెవులు ఇటు పెట్టండి.

ఆ అడవిలో గుర్రాలకు ఆసాములు ఉండేవారు. ఫలానా గుర్రం ఫలానావారిది అని పేరు వాళ్ళదే. ఆ గుర్రానికి పరుగు నేర్పి, మేత పెట్టి, కాళ్ళు చూసుకునే తర్ఫీదుదార్లు వేరే ఉండేవారు. చాకిరీ వాళ్ళది. గెలిస్తే ఇద్దరూ ఎగిరి గంతేసేవారు. ఓడితే వారం రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

గెలిచిన కొట్టానికి వేసవంతా ఊటగడ్డ దక్కేది. ఎండలు ముదిరితే నీళ్ళూ పచ్చగడ్డీ ఉండేది ఆ గడ్డ మీదే. మిగిలినవాళ్ళు గుర్రాలను తోలుకుని రెండు కొండలు దాటి ఏటికి పోవాల్సిందే. ఆ నడకలో ప్రతి ఏడూ ఏదో ఒక కొట్టంలో ఒక గుర్రంపిల్ల తగ్గేది. కాబట్టి ఆ పందెం ఎవరికీ సరదా కాదు.

ఆ తర్ఫీదుదార్లలో పోలయ్య అని ఒక ముసలి గాడిద ఉండేవాడు. గుర్రానికి గాడిద పరుగు నేర్పడమేమిటని నవ్వుతారేమో, నవ్వకండి. పరిగెత్తగలిగినవాడికి పరిగెత్తాలన్న తొందరే ఉంటుంది. పరిగెత్తలేనివాడికే కాళ్ళ విలువ తెలుస్తుంది. పోలయ్య తర్ఫీదు చేసిన గుర్రం పేరు గోరింట. ఎర్రటి గుర్రంపిల్ల. దాని తల్లి ఈనిన రోజే కన్ను మూస్తే, ఆసామి బొంతయ్య అనే ఎలుగుబంటి దాన్ని తెచ్చి పోలయ్య ముందు పడుకోబెట్టి, "నువ్వే పెంచు" అన్నాడు. అప్పటినుంచీ గోరింటకు అమ్మయినా తాతయినా పోలయ్యే.

పోలయ్యకు అన్నీ మంచి గుణాలే. ఒక్కటే జబ్బు, అనుమానం. గడ్డి కాస్త ఎక్కువ పచ్చగా ఉంటే ఎవరో ఏదో చల్లారంటాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ పూట కొట్టం తలుపు రెండుసార్లు బిగిస్తాడు. పోనీ అతనొక్కడే అలా ఉన్నాడా అంటే అదీ కాదు. గుర్రాలవాళ్ళందరిదీ అదే తీరు. వాళ్ళ నోట ఎప్పుడూ ఒకటే మాట: "కొట్టం గుట్టు గడప దాటకూడదు."

రోజూ తెల్లవారగానే పోలయ్య గోరింట ముందుకాళ్ళకు తన చెంప ఆనించి చూసేవాడు. గుర్రం కాలు చల్లగా ఉంటే క్షేమం. వెచ్చగా ఉంటే లోపల నరం ఏదో ఏడుస్తున్నట్టు లెక్క. పందెం ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక ఉదయం అతని చెంపకు వేడి తగిలింది. పోలయ్య గుండెల్లో రాయి పడింది.

"ఏం తల్లీ, నొప్పిగా ఉందా?" అని గుసగుసగా అడిగాడు.

"ఉంది తాతా," అంది గోరింట. "మైదానంలో మూడో మలుపు లేదూ, అక్కడ నేల కాలి కింద జారిపోతోంది. అడుగు వేస్తే లోపలినుంచి బుంగు బుంగుమని చప్పుడు కూడా వస్తోంది. అందరికీ చెప్పనా?"

"ష్! చెప్పకు!" పోలయ్య తలుపు వైపు చూశాడు. "పిచ్చిదానా, నీ కాలు నొప్పని తెలిస్తే మిగతా కొట్టాలవాళ్ళు పండగ చేసుకుంటారు."

గోరింట మంచి పిల్ల కదా, చెప్పొద్దంటే చెప్పదు.

వేడెక్కిన కాలికి మందు చల్లటి బంకమన్ను. పట్టు వేస్తే వేడి లాగేస్తుంది. అడవిలో బంకమన్ను గుంట ఒక్కటే. పోలయ్య మిట్టమధ్యాహ్నం, అందరూ కునికే వేళ చూసుకుని, వీపున గంప వేసుకుని వెళ్ళాడు. తీరా వెళితే అక్కడ కోటమ్మ ఉంది. కోటమ్మంటే కొండముచ్చు. నీలి అనే గుర్రానికి తర్ఫీదు ఇస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయారు.

"ఏం కోటమ్మా, మన్నెందుకు?" అన్నాడు పోలయ్య ముందుగా.

"అరుగు అలకడానికి పోలన్నా," అంది కోటమ్మ గబగబా. "మరి నీకో?"

"నాకూ అరుగు అలకడానికే."

మూడో రోజు వెళితే మేకపోతు గవరయ్య ఎదురయ్యాడు. తెల్లమచ్చ అనే గుర్రం అతని చేతిలో ఉంది. గవరయ్యా అరుగే అలుకుతున్నాడట! పండగ లేదు, పబ్బం లేదు, ఊరంతా అరుగులు అలకడమేమిటో! పోలయ్యకు అడగాలనిపించింది. అడిగితే ఎదురు అడుగుతారని నోరు మూసుకుని వచ్చేశాడు. దొంగ దొంగను ప్రశ్నలు అడగడు కదా.

ఇక ఆ మైదానం సంగతి. దానికి పెద్ద ఒక దుమ్ములగొండి. పేరు దుగ్గయ్య. ఎముకలు కొరకడం, నవ్వడం, ఈ రెండు పనులే చేసేవాడు. మైదానం కట్టుబాట్లు మూడు. ఒకటి, పందెంలో కాలు విరిగిన గుర్రం మైదానం పెద్దకే చెందుతుంది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. రెండు, తన గుర్రానికి కాలు నొప్పని తర్ఫీదుదారు ఒప్పుకుంటే ఆ ఏటికి ఆ గుర్రం పందెంలోంచి అవుట్. మూడు, మూడు కొట్టాలవాళ్ళు తమ నోటితో కాలు నొప్పని చెబితే మాత్రం పందెమే ఆపి, నేల తవ్వి చూడాలి. ఆ మాట పందెం ముగిసేలోగా చెప్పాలి. ఆఖరి గుర్రం గీత దాటాక వడ్రంగిపిట్ట చెట్టు మీద డోలు వాయిస్తుంది. డోలు మోగితేనే పందెం ముగిసినట్టు.

దుగ్గయ్యతో నేరుగా మాట్లాడే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందుకే ఆసాములూ తర్ఫీదుదార్లూ కలిసి తమ తరఫున మాట్లాడేందుకు ఒకరిని ఎన్నుకున్నారు. మాటపెద్ద అనేవారు. ఆ ఏడు మాటపెద్ద చుక్కమ్మ అనే ముంగిస. మూరెడు ఒళ్ళు, మెల్లటి గొంతు. అరవదు, బల్ల గుద్దదు. ఆమెను ఎన్నుకున్నవాళ్ళలో పోలయ్య కూడా ఉన్నాడు. ఎన్నుకున్న మర్నాటినుంచే అనుమానించడం మొదలుపెట్టాడు. గట్టిగా అరవని మాటపెద్ద ఎవరి తరఫున మాట్లాడుతుందో ఎలా తెలుస్తుంది?

పందెం వారం రోజులుందనగా చుక్కమ్మ అందర్నీ పిలిచింది.

"మూడో మలుపు దగ్గర నేల డొల్లగా ఉందని నాకు అనుమానం," అంది. "మీ గుర్రాల కాళ్ళు ఎలా ఉన్నాయి?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మా తెల్లమచ్చకేం? రాయిలా ఉంది," అన్నాడు గవరయ్య.

"మా నీలి గాలిలో తేలుతోంది," అంది కోటమ్మ.

బొంతయ్య తన పెద్ద తల తిప్పి, "ఏమోయ్ పోలయ్యా, మన గోరింట కాళ్ళు?" అని అడిగాడు.

"ఉక్కు కాళ్ళండీ బొంతయ్యగారూ!" అన్నాడు పోలయ్య. అలా అంటూ చుక్కమ్మ కళ్ళలోకి చూశాడు. ఆ చిన్న కళ్ళు అతని గిట్టలకు అంటుకున్న ఎర్రటి బంకమన్ను మీదే ఉన్నాయి. పోలయ్య గిట్ట వెనక్కి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే!

మర్నాడు పొద్దున్నే పోలయ్య మైదానానికి వెళ్ళాడు. మూడో మలుపు దగ్గర చుక్కమ్మ ఒక్కతే ఉంది. నేలకు చెవి ఆనించి వింటోంది. ముక్కుతో వాసన చూస్తోంది. పోలయ్య పొద చాటున నిలబడి అంతా చూశాడు. 'ఆహా! నేల డొల్లగా ఉందన్నది తనే, అక్కడ తవ్వుతున్నదీ తనే! ఎవరి గుర్రాన్ని పడెయ్యడానికో ఇదంతా?' అనుకున్నాడు. నిజానికి చుక్కమ్మ తవ్వలేదు. అనుమానం ఉన్న కంటికి వాసన చూడటం కూడా తవ్వినట్టే కనిపిస్తుంది.

మరో రెండు రోజులకు చుక్కమ్మ దుగ్గయ్య గుహలోంచి బయటికి రావడం పోలయ్య చూశాడు. వెనకాల దుగ్గయ్య నవ్వు వినిపిస్తోంది. పోలయ్య ఒళ్ళు మండింది. "చుక్కమ్మా, ఏమిటి విశేషం? విందా?" అని ఎదురెళ్ళి అడిగాడు.

"విందు కాదు పోలన్నా. నేల తవ్వి చూడనివ్వమని అడగడానికి వెళ్ళాను. మూడు కొట్టాల మాట తెమ్మంటున్నాడు. మీవాళ్ళే బాగున్నాయంటుంటే మధ్యలో నీకేం నొప్పని నవ్వుతున్నాడు." చుక్కమ్మ ఆగి, "నీ గోరింట కాలు ఎలా ఉంది?" అంది.

"ఉక్కు కాళ్ళని చెప్పానుగా!" అని విసురుగా వెళ్ళిపోయాడు పోలయ్య.

ఇక మూడోసారి ఏం జరిగిందో వినండి. పందెం ముందురోజు మధ్యాహ్నం పోలయ్య మన్ను గంపతో కొట్టానికి తిరిగి వచ్చేసరికి, తలుపు కింద సందులోంచి చుక్కమ్మ బయటికి వస్తోంది! పోలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"నా కొట్టంలో నీకేం పని?" అని ఓండ్ర పెట్టాడు.

"గోరింటను ఒక మాట అడుగుదామని వచ్చాను," అంది చుక్కమ్మ. "ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. తాత చెప్పొద్దన్నాడు అంది, అంతే. కానీ కాలికున్న పట్టు నేను చూశాను పోలన్నా."

"చూశావూ? ఇక పరిగెత్తి దుగ్గయ్యకు చెప్పు!"

"నేను చెప్పను. ఎవరి గుట్టు వాళ్ళే విప్పుకోవాలి. నేను విప్పితే అది చాడీ అవుతుంది. పైగా కట్టుబాటు ప్రకారం నా మాట చెల్లదు, నీ మాటే చెల్లుతుంది. సాయంత్రం సభ పెడుతున్నాను. అక్కడ ఒక్క నిజం చెప్పు. నీ ఒక్కడి నోరు తెరుచుకుంటే మిగతా రెండు నోళ్ళూ తెరుచుకుంటాయి."

"తెరుచుకోకపోతే?" అన్నాడు పోలయ్య. "నా గోరింట ఒక్కటీ పందెంలోంచి పోతుంది. నీలి గానీ తెల్లమచ్చ గానీ ఊటగడ్డ మీద మేస్తూ ఉంటుంది. నీ ఎత్తు నాకు తెలియదనుకున్నావా?"

చుక్కమ్మ అతని వంక బాధగా చూసి వెళ్ళిపోయింది. పోలయ్య లోపలికి వెళ్ళి గోరింట కాలికి చెంప ఆనించాడు. మన్ను పట్టు పైకి కూడా వేడి తగిలింది.

"తాతా, రేపు పరిగెత్తగలనంటావా?" అని అడిగింది గోరింట.

"ఎందుకు పరిగెత్తలేవు! ఒక్క చుట్టేగా," అన్నాడు. ఆ మాట అంటుంటే అతని గొంతు అతనికే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం సభకు ఆసాములూ తర్ఫీదుదార్లూ అంతా వచ్చారు. చుక్కమ్మ ఒక రాయి ఎక్కి నిలబడింది.

"మళ్ళీ అడుగుతున్నాను, ఇదే ఆఖరిసారి," అంది. "బంకమన్ను గుంట పది రోజుల్లో రెండింతలు లోతైంది. దాని ఒడ్డున గిట్టల గుర్తులున్నాయి, వేళ్ళ గుర్తులున్నాయి. మన్ను ఎవరు తీసుకుపోతున్నారో నేను అడగను. ఎందుకు తీసుకుపోతున్నారో మీరే చెప్పండి. మూడు కొట్టాలు చాలు. రేపు పందెం ఆపించి నేల తవ్విస్తాను. బాధ్యత నాది."

అంతా కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. కోటమ్మ తోకతో నేల మీద గీతలు గీస్తోంది. గవరయ్య నోట్లో ఏమీ లేకపోయినా నెమరు వేస్తున్నాడు. చుక్కమ్మ చూపు పోలయ్య దగ్గర ఆగింది.

పోలయ్య నోరు తెరిచాడు. చూడండి పిల్లలూ, ఆ క్షణంలో అతని నాలుక మీద రెండు మాటలున్నాయి. ఒకటి, "నా గుర్రానికి కాలు నొప్పి." ఆ మాట చెబితే తనొక్కడే మునుగుతాడేమోనని భయం. రెండో మాటకు ఏ భయమూ లేదు. వాడు రెండోదాన్నే ఎంచుకున్నాడు, పాపిష్టివాడు.

"చుక్కమ్మను నేను మూడుసార్లు పట్టుకున్నాను!" అని అరిచాడు. "ఒకసారి మూడో మలుపు దగ్గర నేల కెలుకుతుంటే. ఇంకోసారి దుగ్గయ్య గుహలోంచి వస్తుంటే. ఈ రోజు నా కొట్టంలోకే దూరింది! నిప్పు లేనిదే పొగ వస్తుందా? మన కాళ్ళ గుట్టు లాగి దుగ్గయ్యకు అప్పజెప్పడానికే ఈవిడ మాటపెద్ద అయింది!"

అంతే! సభలో గోల లేచింది. నిజం చెప్పాల్సిన పని తప్పిందన్న సంతోషం ఒక్కొక్కరి మొహంలో తెలిసిపోతోంది. "అవునవును, నాకూ అనుమానంగానే ఉంది," అన్నాడు గవరయ్య. "మా చెట్టు కింద కూడా తచ్చాడింది," అంది కోటమ్మ. బొంతయ్య మాత్రం, "మలుపు సంగతి ఒకసారి చూస్తే పోలేదా?" అన్నాడు. ఆ మాట ఎవరికీ వినిపించలేదు. చుక్కమ్మను మాటపెద్ద పదవిలోంచి తీసేశారు.

చుక్కమ్మ రాయి దిగింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "సరే. డోలు మోగేదాకా వేళ ఉందని మాత్రం మరిచిపోకండి," అని చెప్పి తోక ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లవారింది. మైదానం చుట్టూ అడవి అడవంతా చేరింది. దుగ్గయ్య తన గద్దె మీద కూర్చుని ముందే మూతి నాక్కుంటున్నాడు. అయిదు గుర్రాలు వరసగా నిలబడ్డాయి. గోరింట కాలి పట్టును పోలయ్యే కడిగేసి, కాలు తుడిచి, నిగనిగలాడేలా చేశాడు. వడ్రంగిపిట్ట కొమ్మ మీద ఠక్కుమని ఒక్క దెబ్బ వేసింది. గుర్రాలు దూకాయి.

మొదటి మలుపులో గోరింట నాలుగోది. రెండో మలుపులో రెండోది. "అద్గదీ! అద్గదీ మా బంగారం!" అని బొంతయ్య ఎగురుతున్నాడు. పోలయ్య ఎగరలేదు. అతని చూపు మూడో మలుపు మీదే ఉంది. నీలి ముందు, గోరింట వెనక. నీలి మలుపు దాటింది. గోరింట ముందుకాలు నేల మీద పడింది. నేల బుంగుమంది. ఆ కాలు మోకాలిదాకా లోపలికి దిగిపోయింది.

గోరింట అరుపు విని చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి.

నీలి గీత దాటింది. దాని వెనకే మరో మూడూ దాటాయి. ఎవరూ కేకలు వెయ్యలేదు. దుగ్గయ్య గద్దె దిగి మెల్లగా మూడో మలుపు వైపు నడిచాడు.

"కాలు విరిగింది. కట్టుబాటు ప్రకారం ఇది నాది," అని నవ్వాడు.

పోలయ్య అప్పటికే అక్కడికి పరిగెత్తాడు. పుట్టిన తర్వాత అతను పరిగెత్తింది ఆ రోజే. గోరింటకూ దుగ్గయ్యకూ మధ్య నిలబడ్డాడు.  చూస్తే అక్కడ అతనికంటే ముందే ఇంకొకరున్నారు. ఎవరనుకున్నారు? చుక్కమ్మ! గోరింట కాలు దిగిన గుంట దగ్గర తోక గుబురుగా ఉబ్బించి కూర్చుని ఉంది.

"విరిగిందో ఇరుక్కుందో నేల తవ్వితే గానీ తెలియదు," అంది చుక్కమ్మ.

"తవ్వాలంటే మూడు కొట్టాల మాట కావాలి," అన్నాడు దుగ్గయ్య. "అయినా పందెం అయిపోయిందిగా!"

"ఆఖరి గుర్రం ఇంకా గీత దాటలేదు. డోలు మోగలేదు," అంది చుక్కమ్మ. కొమ్మ మీద వడ్రంగిపిట్ట ముక్కు పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. చుక్కమ్మ పోలయ్య వైపు తిరిగింది. "పోలన్నా, నేనిప్పుడు మాటపెద్దను కాను. నిన్ను అడిగే హక్కు కూడా లేదు."

పోలయ్యకు దుఃఖం ముంచుకొచ్చింది. "అడగక్కర్లేదమ్మా, చెబుతాను! నా గుర్రానికి తొమ్మిది రోజులుగా కాలు నొప్పి. నేను దాచాను. నా ఆసామికి కూడా అబద్ధం చెప్పాను. నొప్పని ఈ పిల్ల చెబితే నోరు మూయించాను. నా తప్పు దాచుకోడానికి చుక్కమ్మ మీద నింద వేశాను!"

"ఉక్కు కాళ్ళన్నావు కదోయ్ పోలయ్యా," అన్నాడు బొంతయ్య. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది పోలయ్యకు.

"ఒక కొట్టం," అంది చుక్కమ్మ.

దుగ్గయ్య పళ్ళు కనిపించేలా నవ్వాడు. "ఒకటి! మిగతా రెండూ ఎక్కడ?"

 గుంపులోంచి గవరయ్య గడ్డం వణికించుకుంటూ ముందుకొచ్చాడు. "మా తెల్లమచ్చకు ఎనిమిది రోజులుగా నొప్పి. మధ్యాహ్నం మన్ను పట్టు వేస్తున్నాను. రాయిలా ఉందని అబద్ధం చెప్పాను."

"రెండు కొట్టాలు," అంది చుక్కమ్మ.

అందరి చూపూ కోటమ్మ మీదికి వెళ్ళింది. ఆమె నీలి గెలిచింది. డోలు మోగితే ఊటగడ్డ ఆమెదే. పోయిన వేసవిలో ఏటికి నడిచీ నడిచీ ఆమె కొట్టంలో ఒక గుర్రంపిల్ల దాహంతో చచ్చిపోయింది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆమెను ఏమీ అడగలేకపోయారు. పోలయ్య కూడా అడగలేదు. తలదించుకుని గోరింట మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"ఊఁ కానీయ్, డోలు కొట్టు! గీత దాటే గుర్రం ఇంకేదీ లేదుగా," అని దుగ్గయ్య వడ్రంగిపిట్ట మీద అరిచాడు.

అప్పుడు కోటమ్మ చెట్టు మీదినుంచి దూకింది. నేరుగా పోలయ్య ముందుకు వచ్చింది.

"నేను అరుగు అలకలేదు పోలన్నా," అంది.  "చెట్టు మీద బతికేదాన్ని, నాకు అరుగెక్కడిది? మా నీలికి పది రోజులుగా నొప్పి. ఇప్పుడు కూడా కుంటుతోంది, చూడండి."

"మూడు కొట్టాలు!" అని అరిచింది చుక్కమ్మ. ఆమె అరవడం అడవిలో అందరూ మొదటిసారి విన్నారు.

బొంతయ్య తన పెద్ద పంజాలతో నేల తవ్వాడు. నాలుగుసార్లు తవ్వేసరికి లోపల సొరంగం బయటపడింది. దాన్నిండా ఎముకలు! దుగ్గయ్య తన గుహలోంచి మూడో మలుపు కిందిదాకా తవ్వుకున్న ఎముకల నేలమాళిగ అది. చుక్కమ్మ ముక్కు చూసిన వాసన అదే, గోరింట విన్న చప్పుడూ అదే. పై నేల డొల్లయితే గుర్రం పడుతుంది. గుర్రం పడితే మాళిగ నిండుతుంది. దుగ్గయ్యకు రెండువిధాలా లాభమే.

దుగ్గయ్య వెనక్కి వెనక్కి నడిచాడు. వెనక బొంతయ్య నిలబడ్డాడు. పక్కన గవరయ్య కొమ్ములు వంచాడు. చుట్టూ అడవి అడవంతా ముందుకు జరిగింది. ఆ మధ్యాహ్నానికల్లా దుగ్గయ్య అడవి పొలిమేర దాటిపోయాడు. ఆ రోజునుంచీ అతని నవ్వు అక్కడ వినిపించలేదు.

గోరింట కాలు విరగలేదు. కానీ లోపలి నరం తెగింది. మన్ను పట్టుకు మానే నరం కాదది. నడుస్తుంది, మేస్తుంది, ఎండాకాలం నీళ్ళలో నిలబడి ఆడుకుంటుంది. పరుగు మాత్రం ఇక లేదు. ముందురోజు సాయంత్రం పోలయ్య ఒక్క మాట చెప్పి ఉంటే, పరుగూ మిగిలేది. ఈ సంగతి పోలయ్యకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ ఏడు పందెం చెల్లలేదు కాబట్టి ఊటగడ్డ ఎవరిదీ కాలేదు. ఎవరిదీ కాదు కాబట్టి వంతులు వేసుకుని అందరూ మేపుకున్నారు. ఆ వేసవిలో ఏ కొట్టంలోనూ గుర్రంపిల్ల తగ్గలేదు.

పోలయ్య తలవంచుకుని చుక్కమ్మ దగ్గరికి వెళ్ళాడు. "మళ్ళీ నువ్వే మాటపెద్దగా ఉండాలమ్మా. అందరూ నన్నే వెళ్ళి అడగమన్నారు. నింద వేసినవాడివి నువ్వే కదా అన్నారు."

"ఉంటాను," అంది చుక్కమ్మ. "ఒక్క షరతు. సభకు గుర్రాలు కూడా రావాలి. కాలు ఎవరిదో, నోరూ వాళ్ళదే ఉండాలి."

తర్వాతి సభకు అంతా వచ్చారు. చుక్కమ్మ రాయి ఎక్కి, ఎప్పటిలా మెల్లగా, "ఎవరికైనా బాధ ఏమైనా ఉందా?" అని అడిగింది. అలవాటు కొద్దీ పోలయ్య నాలుక చివరిదాకా "ఏమీ లేదు" అన్న మాట వచ్చింది. గుటక వేసి దాన్ని మింగేశాడు.

పక్కన నిలబడ్డ గోరింట అతని చెవి దగ్గర మూతి పెట్టి, "తాతా, చెప్పనా?" అని అడిగింది.

"చెప్పు తల్లీ," అన్నాడు పోలయ్య. "గట్టిగా చెప్పు. అందరికీ వినిపించాలి."

నీతి: గాయం దాచుకున్నవాళ్ళ తరఫున ఎంత మంచి పెద్ద అయినా వాదించలేడు. మన పెద్దను అనుమానించే ముందు, ఆ పెద్దకు మనం నిజం చెప్పామా అని చూసుకోవాలి.